పన్ను మినహాయింపులును, మన సంఘపు రశీదులును

(షోలాపురమున జరిగిన సర్వసభ్య సమావేశములో కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రములో మా ప్రసంగమునకు ‘ఆర్థిక విషయములు’ అని పేరు వేసినారు. ఆ మాట వినగానే వెనుక వరుసలలో కొందరు పిల్లలను ఎత్తుకొని లేవబోవుట మాకు కనబడినది. కొంచెము సేపు కూర్చుండవలెనని ప్రార్థన. మేము చెప్పబోవునది వారి ఇంటి డబ్బును గురించియే.

రెండేండ్లుగా మన సంఘ కార్యాలయమునకు ఒక క్రొత్త కోరిక వచ్చుచున్నది. సభ్యులు వచ్చి రెండు వేల రూపాయలు చందా ఇత్తురు; రశీదు మాత్రము ఇరువది వేలకు వ్రాసి ఇమ్మందురు. అడుగువారు దుర్మార్గులు కారు. మిల్లు కచేరీలో పనిచేయువారు, బడిపంతుళ్లు, మావలె దుకాణము నడుపువారు. కాదన్నచో, “ఏం గాదు సేఠ్, అందరు గట్లనే చేస్తుండ్రు” అని నవ్వుచు చెప్పుదురు. కార్యవర్గము ఇంతవరకు అట్టి రశీదు ఒక్కటియు ఇయ్యలేదు. ఇకముందును ఇయ్యదు. కాని కాదని త్రిప్పి పంపినంత మాత్రమున మా బాధ్యత తీరునా? ఎందుకు కాదో, దానికి బదులు న్యాయముగా దొరకునది ఏదో చెప్పుట మా విధియని తలచి ఈ మాటలు చెప్పుచున్నాము.

అట్లు అడిగినవారిలో ఒకరిని కూర్చుండబెట్టి, 2023-24 సంవత్సరపు వారి కాగితములను మేము చూచితిమి. ఆయన తల్లికి అరువది ఎనిమిదేండ్లు. ఆమె పేర ఆరోగ్య బీమా లేదు. ఆ యేడు ఆమె చికిత్సకై నలుబది ఆరు వేల రూపాయలు బ్యాంకు ద్వారా చెల్లించియున్నారు. బిల్లులన్నియు ఒక సంచిలో భద్రముగా ఉన్నవి. అరువదేండ్లు దాటిన తల్లిదండ్రులకు బీమా లేనియెడల, వారి వైద్యమునకై నగదు గాక ఇతర మార్గమున చెల్లించిన సొమ్మును 50,000 రూపాయల వరకు 80డి సెక్షను క్రింద ఆదాయము నుండి తీసివేయవచ్చును. ఆయనకు ఆ సంగతి తెలియదు. రిటర్ను వేసిన దళారి చెప్పనూ లేదు. ఆయన ఆదాయము 20 శాతము పన్ను పడు అంతస్తులో ఉన్నది. నలుబది ఆరు వేలకు 9,200 రూపాయలు, దానిపై 4 శాతము సెస్సు 368, మొత్తము 9,568 రూపాయల పన్ను తగ్గవలసియుండెను. ఆయన మమ్ములనడిగిన దొంగ రశీదు వలన మిగులునది 2,080 రూపాయలు. తల్లికి చేసిన సేవకు చట్టమే ఇచ్చుచున్న తొమ్మిదిన్నర వేలు సంచిలో పడియుండగా, రెండు వేల కొరకు సంఘము చేత అబద్ధము వ్రాయింప జూచినారు. మన వారిలో ఈ తీరు ఒక్కరిది కాదు.

ఇక విషయములోనికి వత్తము. మన పత్రిక బళ్ళారికి, హోసూరుకు, బరంపురమునకు, యానామునకు కూడ పోవును. రాష్ట్రము మారినను ఆదాయపు పన్ను లెక్క ఒక్కటియే. ఫ్రెంచివారి ఏలుబడిలో వేరు చట్టముల క్రింద ఉండిన యానాములో సైతము 1963 నుండి ఈ చట్టమే నడచినది. కావున ఇచ్చట చెప్పు అంకెలు అందరికిని వర్తించును. ఇవి 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయమునకు సంబంధించిన అంకెలు. ఆ సంవత్సరపు ఆదాయము 1961 నాటి చట్టము క్రిందికే వచ్చును. 2026 ఏప్రిల్ 1 నుండి ఆర్జించు ఆదాయమునకు 2025 సంవత్సరపు క్రొత్త చట్టము. అందులో సెక్షనుల సంఖ్యలు మారినవి. మనకు నోటికి వచ్చిన 80సి అను పేరు 123 అయినది. పాత సంఖ్యలే అందరికిని తెలియును గనుక మేము వాటినే వాడెదము.

పన్ను లెక్కించుటకు రెండు పద్ధతులున్నవి. పాత పద్ధతిలో రేట్లు ఎక్కువ, మినహాయింపులు అనేకము. క్రొత్త పద్ధతిలో రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేవు. 2023-24 నుండి మనము నోరు విప్పి అడుగనిచో క్రొత్త పద్ధతియే వర్తించును. 2025-26లో ఈ క్రొత్త పద్ధతి క్రింద మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తరువాత ప్రతి నాలుగు లక్షలకు 5, 10, 15, 20, 25 శాతములుగా పెరిగి, 24 లక్షలు దాటినదానిపై 30 శాతము పడును. అయితే పన్ను పడు ఆదాయము 12 లక్షలకు మించని వ్యక్తికి 60,000 రూపాయల వరకు రిబేటు ఉన్నది గనుక పన్ను సున్న. జీతగాండ్రకు 75,000 రూపాయల స్టాండర్డు డిడక్షను కూడ ఉన్నందున వారికి ఆ హద్దు 12,75,000 రూపాయలు. భూమి గాని షేర్లు గాని అమ్మగా వచ్చిన లాభమువంటి ప్రత్యేక రేట్లు గల ఆదాయమునకు ఈ రిబేటు వర్తింపదు. అది తెలియక మోసపోవువారు ఉన్నారు గనుక ఈ మాట విడిగా చెప్పుచున్నాము.

దీని అర్థమేమి? ఈ సభలో కూర్చున్నవారిలో ఎక్కువ మందికి ఏ మినహాయింపు కాగితమూ అక్కరలేదు. ఏడాదికి పదకొండు లక్షలు నికరముగా మిగులు దుకాణదారుడు పాత పద్ధతిలో పన్ను లేకుండ బయటపడవలెనన్న, ఆరు లక్షల మినహాయింపులు చూపి ఆదాయమును ఐదు లక్షలకు దింపవలెను. క్రొత్త పద్ధతిలో ఒక్క కాగితము లేకయే పన్ను సున్న. ఇది తెలియక, మార్చి నెల రాగానే ఎవరో చెప్పిరని అక్కరలేని బీమా పాలసీలు కొని, రెండేండ్లు కట్టి మానివేసి నష్టపోయినవారిని మేమెరుగుదుము. పన్నే లేని మనిషి పన్ను తగ్గింపుకై పాలసీ కొనుట తలనొప్పి లేనివాడు మందు మ్రింగుట వంటిది. బీమా కావలెనన్న ఇంటి రక్షణకై కొనవలెను.

మరి పాత పద్ధతి ఎవరికి పనికివచ్చును? ఒక లెక్క చెప్పెదము. ఒక వ్యాపారికి పదునారు లక్షల ఆదాయమున్నది. క్రొత్త పద్ధతిలో సెస్సు గాక 1,20,000 రూపాయల పన్ను. పాత పద్ధతిలో అంతకంటె తగ్గవలెనన్న 5,75,000 రూపాయలకు మించిన మినహాయింపులు ఉండవలెను. ఆయనకు 80సి క్రింద నిండుగా లక్షా యాబది వేలున్నవి. తాము నివసించు ఇంటి అప్పుపై వడ్డీకి గరిష్ఠముగా ఇచ్చు రెండు లక్షలున్నవి. జాతీయ పింఛను పథకములో విడిగా కట్టిన యాబది వేలున్నవి. తన కుటుంబపు ఆరోగ్య బీమాకు ఇరువది ఐదు వేలు, వృద్ధులైన తల్లిదండ్రులకు యాబది వేలు ఉన్నవి. అన్నియు కలిపినను 4,75,000 రూపాయలే. క్రొత్త పద్ధతియే మేలు. కాని ఆ ఇంటిలో తీవ్రమైన అంగవైకల్యము గల బిడ్డ ఒకరున్నారనుకొనుడు. 80డిడి క్రింద మరి 1,25,000 రూపాయలు చేరి మొత్తము ఆరు లక్షలగును. ఆదాయము పది లక్షలకు దిగి పన్ను 1,12,500 రూపాయలగును. అప్పుడు పాత పద్ధతి 7,500 రూపాయలు మేలు. ఇంత దగ్గరగా ఉండు లెక్క కావున, రెండు పద్ధతులలోను వేసి చూడక ఎవరి మాటయు నమ్మవలదు. ఇంకొక హెచ్చరిక. జీతగాండ్రు ఏటేట పద్ధతి మార్చుకొనవచ్చును. వ్యాపార ఆదాయము గలవారు పాత పద్ధతి కోరినచో గడువులోగా 10-ఐఇఎ అను పత్రము దాఖలు చేయవలెను. ఆపైన ఒకసారి క్రొత్త పద్ధతికి మరలినచో, వ్యాపారము చేయుచున్నంత కాలము మరల వెనుకకు పోజాలరు.

బిడ్డ మాట వచ్చినది గనుక ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. మన ఇండ్లలో అంగవైకల్యము గల పిల్లలను, తోబుట్టువులను లోపలి గదిలో ఉంచి, సంబంధములు తప్పిపోవునను భయముతో ధ్రువపత్రము తీసికొనక పోవుట ఇంకను పోలేదు. 40 శాతము, అంతకు మించిన వైకల్యమున్నట్లు ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువపత్రమున్నచో, పోషించు భారము మోయువారికి ఏటేట 75,000 రూపాయల మినహాయింపు. 80 శాతము, అంతకు మించిన వైకల్యమునకు 1,25,000. ఎంత ఖర్చయినదన్న దానితో పనిలేదు, ఆ మొత్తము మొత్తముగానే తగ్గును. భార్యకు, బిడ్డలకు, తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు వర్తించును. ఆ వ్యక్తియే సంపాదనపరుడైనచో 80యు క్రింద తానే పొందవచ్చును. పన్ను మాట అటుంచినను, ఆ ధ్రువపత్రము ఆ బిడ్డకు చదువులోను ఉద్యోగములోను దారి చూపును. దానిని దాచుటలో గౌరవమేమున్నదో మాకు తెలియదు.

చదువు అప్పు సంగతియు అట్టిదే. మన పిల్లలు పూనాలోను, బెంగుళూరులోను, హైదరాబాదులోను, విదేశములలోను చదువుచున్నారు. బ్యాంకు నుండి తీసికొన్న విద్యా ఋణముపై వడ్డీని, చెల్లింపు మొదలైన నాటి నుండి ఎనిమిది సంవత్సరముల వరకు, ఎంతయైనను తగ్గించుకొనవచ్చును. దానికి పై హద్దు లేదు. అసలుకు లేదు, మేనమామ వద్ద తీసికొన్న అప్పుకు లేదు. పిల్లల చదువు జీతము విషయములో ఇద్దరు బిడ్డల వరకు ట్యూషను ఫీజు 80సి లోనికి వచ్చును గాని, చేర్చుకొనుటకై కళాశాల పుచ్చుకొన్న ‘డొనేషను’ రాదు.

అద్దె ఇంటిలో ఉండు వ్యాపారులు ఇంకొకటి మరచుచున్నారు. జీతములో ఇంటి అద్దె అలవెన్సు లేనివారికి కూడ 80జిజి అను సెక్షను కలదు. నెలకు 5,000 రూపాయలు, ఆదాయములో నాలుగవ వంతు, కట్టిన అద్దెలో ఆదాయపు పదవ వంతు పోగా మిగిలినది, ఈ మూటిలో ఏది తక్కువయో అంత. స్వంత ఇల్లు ఆ ఊరిలో ఉండరాదు. తండ్రికి అద్దె చెల్లించుచున్నామని చూపువారు నిజముగా చెల్లింపవలెను. తండ్రి తన లెక్కలో ఆ అద్దెను ఆదాయముగా చూపవలెను. ఒకే చూరు క్రింద ఒకే పొయ్యి మీద వండుకొనుచు, మార్చి నెలాఖరున పన్నెండు రశీదులపై ఒకే కలముతో సంతకములు పెట్టినచో అది ఎవరికైనను కనబడును.

పైన చెప్పినవన్నియు పాత పద్ధతికి చెందినవి. వ్యాపారులకు ఏ పద్ధతిలోనైనను పెద్ద మినహాయింపు వేరొకటి ఉన్నది. అది ఖాతా పుస్తకము. దుకాణపు అద్దె, కరెంటు, కూలీలు, బ్యాంకు వడ్డీ, సాంచాల తరుగుదల మొదలగు వ్యాపారపు ఖర్చులు ఆదాయము లెక్కించక మునుపే తీసివేయబడును. మన వారు 80సి గురించి గంటసేపు వాదింతురు గాని చిల్లర ఖర్చులకు చీటీ ఉంచరు. ఒక రోజులో ఒక మనిషికి 10,000 రూపాయలు దాటి నగదుగా చెల్లించినచో ఆ ఖర్చు లెక్కకు రాదు. లారీ కిరాయి వంటి రవాణాకు మాత్రము ఆ హద్దు 35,000. నూలు వ్యాపారులు ఈ ఒక్క నియమము వలన పోగొట్టుకొను సొమ్ము ఎంతో వారికే తెలియును. టర్నోవరు రెండు కోట్లకు మించని చిన్న వ్యాపారులు, నగదు రాబడి నూటికి ఐదుకు మించనిచో మూడు కోట్ల వరకు, పుస్తకముల జోలి లేకుండ టర్నోవరులో 8 శాతము, బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతము లాభముగా చూపు సదుపాయము కూడ ఉన్నది.

నేత కుటుంబముల మధ్య ఉన్నాము గనుక ఇంకొక మాట. చిన్న తయారీదారుగా నమోదైన నేతగాని వద్ద తువ్వాళ్లో చద్దర్లో కొన్న వ్యాపారి, వ్రాతపూర్వక ఒప్పందము లేనిచో పదునైదు దినములలో, ఉన్నచో గరిష్ఠముగా నలుబది ఐదు దినములలో డబ్బు చెల్లింపవలెను. ఆలస్యము చేసి ఆ యేడు దాటించినచో ఆ కొనుగోలు ఖర్చు చెల్లించిన సంవత్సరములోనే లెక్కకు వచ్చును గాని కొన్న సంవత్సరములో రాదు. 2023-24 నుండి ఈ నియమము అమలులోనికి వచ్చినప్పుడు మా వ్యాపారులలో కొందరు చాల గోల చేసిరి. మా అభిప్రాయము వేరు. మన చేతికి సరకు ఇచ్చి మూడు నెలలు తిరుగు నేతగాడు కూడ ఈ సభలోనే కూర్చున్నాడు. ఆయన డబ్బు సకాలములో ఇచ్చుట వలన మన పన్ను తగ్గుచున్నదన్న, అంతకంటె మంచి మినహాయింపు ఏది?

ఉమ్మడి కుటుంబమును వేరు పన్నుదారుగా చూపు పద్ధతి గురించి పలువురు అడిగిరి. పిత్రార్జితమైన ఆస్తి, దాని మీద ఆదాయము ఉన్నచోట అది న్యాయమే. ఆస్తి లేక, పేరుకు ఒక పాన్ కార్డు తీసికొని, స్వంత సొమ్మును అందులో వేసినచో ఆ ఆదాయము తిరిగి మన లెక్కలోనికే కలుపుదురు. పన్నెండు లక్షల వరకు సున్న చేయు రిబేటు కూడ ఉమ్మడి కుటుంబమునకు లేదు. ఇంతకు మించి చెప్పుటకు ఇది చోటు కాదు, ఆడిటరును కలిసికొనుడు.

ఇక మన రశీదుల సంగతి.

సంఘమునకు 80జి ఆమోదము సంపాదించుటకు మనము పడిన శ్రమ పాత సభ్యులకు జ్ఞాపకముండును. ఆ సెక్షను ప్రకారము, ఒక మతమునకో ఒక కులమునకో మాత్రమే మేలు చేయుటకు ఏర్పడినదని నిబంధనలలో వ్రాసికొన్న సంస్థకు ఆమోదము దొరకదు. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు, స్త్రీలు, పిల్లల కొరకైనచో ఆ అడ్డు లేదు. మనది భాష మీద నిలిచిన సంఘము. కులము మీద నిలిచినది కాదు. ఆ కారణమున కొందరు నియమావళిలో కులము పేరు చేర్చుమని తెచ్చు తీర్మానములను కార్యవర్గము ప్రక్కన పెట్టుచున్నది. అందుకు కోపించిన మిత్రులకు ఇదియే సమాధానము. అట్లే సంస్థ తన ఆదాయములో నూటికి ఐదుకు మించి మతసంబంధమైన ఖర్చు చేయరాదు. శ్రీరామనవమి పందిరికి విడిగా చందా వసూలు చేసి విడిగా లెక్క వ్రాయుట పిసినారితనము వలన కాదని ఇప్పుడు తెలిసియుండును.

మనకిచ్చు చందాలో సగము మాత్రమే దాత ఆదాయము నుండి తగ్గును. అదియు పాత పద్ధతిలోనే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినచో ఏమియు తగ్గదు. వస్తువు రూపమున ఇచ్చినదానికి కూడ లేదు. అన్నదానమునకు బియ్యపు బస్తాలు పంపిన దాతలు మన్నింపవలెను, వారికి పుణ్యము తప్ప పన్ను తగ్గింపు ఇయ్యజాలము. దాతల పేర్లు, పాన్ సంఖ్యలు, మొత్తములు 2021-22 నుండి ఏటేట సంస్థయే పన్ను శాఖకు పంపవలెను. పంపిన పిదప దాతకు ఆ శాఖ వారి కంప్యూటరు నుండియే ధ్రువపత్రము వచ్చును. కావున మన చేతి రశీదు ఒక్కటియే ఈనాడు చెల్లదు. రెండును సరిపోలవలెను.

ఇరువది వేల రశీదు వ్రాసితిమనుకొందము. 30 శాతము అంతస్తులోనున్న దాతకు పది వేలు తగ్గి, సెస్సుతో 3,120 రూపాయలు పన్ను మిగులును. ఆయన ఇచ్చినది రెండు వేలు. అనగా సంఘమునకు దానము చేసినందుకు ఆయనకే పదకొండు వందల ఇరువది రూపాయలు లాభము! దానినేమని పిలువవలెనో మీరే చెప్పుడు. ఇక సంఘము వైపు చూడుడు. ఇరువది వేలు జమ చూపినచో బ్యాంకులో ఇరువది వేలు ఉండవలెను. ఉన్నది రెండు వేలు. మిగిలిన పదునెనిమిది వేలు ఖర్చయినట్లు చూపవలెను. అప్పుడు ఈయని విద్యార్థి వేతనము ఇచ్చినట్లు, కొనని పుస్తకము కొన్నట్లు కాగితములు పుట్టించవలెను. ఒక రశీదు అబద్ధమైనచో దాని వెనుక పది ఓచర్లు అబద్ధము కావలసియుండును. ఇరువది మంది సభ్యులకు ఇట్లు చేసినచో, వచ్చు సంవత్సరము మన పిల్లల తెలుగు బడికి, గ్రంథాలయమునకు నిజముగా ఎంత ఖర్చయినదో కోశాధికారికే తెలియదు. ఆమోదము రద్దగుట ఆ పిమ్మటి మాట. లెక్క తెలియని సంఘమునకు ఎవరు చందా ఇత్తురు?

“మీరు ఇయ్యకున్న వేరెవరో ఇత్తురు” అని కొందరందురు. నిజమే, ఇచ్చువారున్నారు. రిఫండు తెప్పించెదమని వీధివీధి తిరుగు దళారులున్నారు. వారు చేయునది ఇది. జీతగాని పేర లేని అద్దె, లేని విరాళము, లేని చదువు అప్పు వ్రాసి రిటర్ను వేయుదురు. వచ్చిన రిఫండులో పాలు పుచ్చుకొందురు. 2025 జూలై 14న పన్ను శాఖ దేశమంతట 150కి పైగా చోట్ల ఇట్టివారిపై తనిఖీలు జరిపినది. ఆ సందర్భమున కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి చేసిన ప్రకటనలో, ఇట్టి బూటకపు కోరికలు కనబడిన రాష్ట్రములలో మహారాష్ట్రమును, తమిళనాడును కూడ పేర్కొన్నారు. రెండును మన వారు నిండుగా ఉన్న రాష్ట్రములే. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సవరించుకొని 1,045 కోట్ల రూపాయల తప్పుడు కోరికలను వెనుకకు తీసికొనిరని కూడ ఆ ప్రకటన తెలిపినది.

అందులోనే మనవంటివారు తప్పక గమనింపవలసిన మాట ఒకటి ఉన్నది. ఈ దళారులు రిటర్నులు వేయుటకై తాత్కాలికముగా ఈమెయిలు చిరునామాలు సృష్టించి, పని కాగానే వాటిని విడిచిపెట్టుదురట. శాఖ పంపిన నోటీసులు ఆ దిక్కులేని చిరునామాకే పోవును. పన్నుదారునికి చేరవు. చేరినను ఏమి? నోటీసు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండును. మన ఇండ్లలో పెద్దలకు తెలుగు మాట వచ్చును, మరాఠీ అక్షరము వచ్చును, ఇంగ్లీషు రాదు. పిల్లలకు ఇంగ్లీషు వచ్చును గాని పన్ను భాష రాదు. ఇట్టి ఇండ్లనే దళారి వెదకికొని వచ్చును, వచ్చి తెలుగులో మాటలాడును. “మనోడే గద” అని ఆధార్ సంఖ్యయు, పాస్‌వర్డును అతని చేతిలో పెట్టుదుము. భాషాభిమానము మంచిదే గాని పాస్‌వర్డు ఇచ్చునంత అక్కరలేదు.

శిక్ష లెక్క కూడ చెప్పవలసియున్నది. 20 శాతము అంతస్తులోనున్న మనిషి లక్ష రూపాయల లేని మినహాయింపు చూపినచో సెస్సుతో 20,800 రూపాయలు మిగులును. అందులో దళారి పాలు పోవును. దొరికిననాడు ఆ 20,800 తిరిగి కట్టవలెను. తప్పుడు వివరములు చూపినందుకు పన్నుకు రెండింతలు, అనగా 41,600 రూపాయలు జరిమానా. రెండును కలిపి 62,400. వడ్డీ వేరు. కొన్ని సందర్భములలో క్రిమినలు కేసు కూడ నడచును. సంతకము మనది, పాన్ మనది. దళారి చేసినాడనుట సమాధానము కాదు.

ఇదివరకే అట్టి వలలో పడిన సభ్యులు ఈ సభలో ఉండవచ్చును. వారిని ఎవరు అని మేము అడుగము. నోటీసు రాకముందే సరిదిద్దుకొను దారి ఉన్నదని మాత్రము చెప్పెదము. సవరించిన రిటర్నుకు గడువు దాటినను, ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అను పేరుతో వేరొకటి దాఖలు చేయవచ్చును. 2025 సవరణ వలన దీని గడువు సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన పిదప 48 నెలలకు పెరిగినది. అసలు పన్ను, వడ్డీలపై అదనముగా మొదటి యేడు 25 శాతము, రెండవ యేడు 50, మూడవ యేడు 60, నాలుగవ యేడు 70 శాతము కట్టవలెను. ఎంత ముందు పోయిన అంత తక్కువ. ఇది భారమే, కాని రెండింతల జరిమానా కంటె చాల తక్కువ. పన్ను తగ్గించుకొనుటకు గాని రిఫండు అడుగుటకు గాని ఈ రిటర్ను పనికిరాదు. అందుచేత తల్లి వైద్యపు బిల్లులవంటి న్యాయమైన మినహాయింపును ఆ యేడు గడువులోనే అడుగవలెను.

కార్యవర్గము చేసిన ఏర్పాటు ఒకటి విన్నవించి ముగించెదము. వచ్చు నెల నుండి ప్రతి ఆదివారము ఉదయము పది గంటల నుండి ఒంటి గంట వరకు సంఘ గ్రంథాలయములో ఇద్దరు కూర్చుందురు. ఒకరు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఆడిటరు కచేరీలో పనిచేయు మన అమ్మాయి. రుసుము లేదు. వారు రిటర్నులు వేయరు. వచ్చిన నోటీసును చదివి తెలుగులో చెప్పుదురు, రెండు పద్ధతులలోను లెక్క వేసి చూపుదురు, శాఖవారి పోర్టలులో మీ స్వంత ఫోను సంఖ్య ఉన్నదో దళారి సంఖ్య ఉన్నదో చూచి చెప్పుదురు. వచ్చునప్పుడు పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, బీమా రశీదులు, వైద్యపు బిల్లులు, ఇంటి అప్పు, చదువు అప్పు వడ్డీ పత్రములు, జీతగాండ్రయినచో ఫారము 16 వెంట తెచ్చుకొనుడు. పాస్‌వర్డు వారికి కూడ చెప్పవలదు. మీరే నొక్కుడు. బీడీ కార్ఖానాలలో పనిచేయు అక్కచెల్లెండ్రు తమకు పన్ను ఎక్కడిదని రాకుండ ఉండవలదు. మీ పాన్ కార్డు మీద ఎవరైన రిటర్ను వేసియున్నారేమో ఆ పోర్టలులోనే తెలియును.